బాతు మేస్త్రి పచ్చిక

మేస్త్రి కలుపు తియ్యడు, హత్యలు చేస్తాడు. అదీ ఒక పద్ధతి ప్రకారం. తెల్లారగానే క్లబ్బు పచ్చిక మీద మోకాళ్ళేసి, తుంగ మొక్క జుట్టు ఎడం చేత్తో దొరకపుచ్చుకుని, "రావే బయటికి, నీ వంశం మండ!" అంటూ కుడిచేత్తో గుచ్చుకత్తి దింపుతాడు. ఒక్క మెలి. తల చేతిలోకొస్తుంది. దాన్ని పక్కనున్న గోనెసంచిలోకి విసిరి, ఇంకోదాని జుట్టు పట్టుకుంటాడు. సంచి నిండాక కంకర దారి మీదికి ఈడ్చుకెళ్ళి, గుమ్మరించి, బూటుకాళ్ళతో కసిదీరా తొక్కుతాడు. చచ్చినదాన్ని మళ్ళీ చంపడం ఎందుకు మేస్త్రిగారూ అని ఎవరన్నా అడిగితే, "మిగతావి చూస్తున్నాయిగా" అంటాడు.

తుంగ మాత్రం ఏమీ చూసేది కాదు. మర్నాటికి అదే చోట ముగ్గురన్నదమ్ముల్లా లేచి నిలబడేది.

మేస్త్రి కుడిపాదం చాలా ఏళ్ళ కిందట కోతమిషను కింద పడి నలిగింది. ఎముక అతుక్కుంది గాని దాని ఇష్టమొచ్చినట్టు అతుక్కుంది. ఎడంపాదం ఎటు నడవాలో అటే చూస్తుంది, కుడిపాదం మాత్రం పక్కింటి సంగతులు కావాలన్నట్టు పక్కకి తిరిగి ఉంటుంది. అందుకని వెనకాల అందరూ అతన్ని బాతు మేస్త్రి అంటారు. మొహం మీద అనే ధైర్యం ఒక్కడికే ఉంది. వాడు అతని భార్య తమ్ముడు, అతని చేతికింద పనివాడు. క్లబ్బు ఆవరణలోనే రెండు గదుల ఇంట్లో ముగ్గురి కాపురం. వాడి మీద కోపమొస్తే మేస్త్రి వాణ్ణి "తుంగా" అని పిలిచేవాడు. కోపం రాని రోజు ఉండేది కాదు గనక, పాపం వాడి అసలు పేరు వాడే మర్చిపోయే స్థితికొచ్చాడు.

ఆ పచ్చిక మీద క్లబ్బు మెంబర్లు చెక్క బంతులు దొర్లించే ఆట ఆడతారు. బంతి నెమ్మదిగా, గర్భిణీ స్త్రీలా, దొర్లుకుంటూ పోవాలి. మధ్యలో తుంగ పోచ ఒకటి మొండిగా నిలబడితే చాలు, బంతి దాన్ని ఒరుసుకుని పక్కకి తిరుగుతుంది. ఇరవయ్యో తారీకున వేరే క్లబ్బు వాళ్ళు పోటీకి వస్తున్నారు. ఒకటో తారీకునే సెక్రటరీ మేస్త్రిని పిలిచి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఒకే మాట చెప్పాడు.

"ఇరవయ్యో తారీకున మా బంతి గడ్డిలో తిరిగిందా, ఆ తాళాలు నీ నడుముకి ఉండవు."

ఆ తాళాలగుత్తిలోనే మేస్త్రి ప్రాణం ఉంది. సామాన్ల గదిదొకటి, నీళ్ళ మోటారుదొకటి, మందుల బీరువాదొకటి. ఇరవై రెండేళ్ళుగా అవి అతని నడుము మీద గలగలలాడుతున్నాయి. పడుకునేటప్పుడు కూడా తియ్యడు. "నన్ను కూడా ఆ గుత్తికే తగిలించుకోవయ్యా, కనీసం నువ్వు తడిమి చూసుకుంటావు" అని భార్య ఎన్నిసార్లన్నా నవ్వి ఊరుకునేవాడు. మేస్త్రిగిరీ అంటే ఆ చప్పుడే. అది పోతే తను ఒట్టి కుంటోడు. ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు గాని, ఒకటో తారీకు నుంచి రోజుకి పదిసార్లు నడుము తడుముకునేవాడు.

ఇక్కడ బావకీ బావమరిదికీ అసలు తగువేమిటో చెప్పుకోవాలి. మేస్త్రి పచ్చికని నున్నగా గొరిగేవాడు. ఎంత నున్నగా అంటే, మిషను వెనక మట్టి కనపడేది. రోజూ సాయంత్రం పైపు పట్టుకుని, మొహం మీద చల్లినట్టు నాలుగు నీళ్ళు చల్లేవాడు. బావమరిది తల పట్టుకునేవాడు. "బావా, రెండు వేళ్ళ ఎత్తు ఉంచు. గడ్డి ఒత్తుగా ఉంటే కింద చీకటి. చీకట్లో తుంగ ఏం చూసుకుని పెరుగుతుంది? నీళ్ళు వారానికి రెండుసార్లే పెట్టు, కానీ జానెడు లోతు దిగేలా పెట్టు. వేళ్ళు కిందికి పోతాయి. నువ్వు రోజూ చల్లే తీర్థం తుంగకి తప్ప ఎవరికీ అందదు" అనేవాడు.

"పుట్టిన మూడోనాటి నుంచీ నిన్ను చూస్తున్నాను. ముక్కు తుడుచుకోడం నేర్పింది నేను. నాకు గడ్డి నేర్పుతావురా?" అనేవాడు మేస్త్రి.

అయినా బావమరిది ఊరుకోలేదు. సామాన్ల గది వెనక, మెంబర్ల కంట పడని చోట, మంచమంత జాగా తన పద్ధతిలో పెంచుకున్నాడు. మేస్త్రి దాన్ని "మావాడి దుప్పటి" అని వెక్కిరించేవాడు. దుప్పటిలో తుంగ లేదన్న సంగతి మాత్రం అతను చూడలేదు. చూడకూడదని చూడలేదు.

అయిదో తారీకు పొద్దున కంకర దారిలో మొలిచిన పిచ్చిమొక్కలకి మందు కొట్టమని మేస్త్రే పురమాయించాడు. ఆ మందు మామూలుది కాదు, దానికి మంచీ చెడూ తెలీదు, పచ్చగా కనపడిందల్లా చంపేస్తుంది. అందుకే ఆ వీపుపంపుకి ఎర్రగుడ్డ కట్టి ఉంటుంది. అందుకే దారి చివర ఎప్పుడూ ఒక నీళ్ళ బకెట్ ఉంటుంది. మందు తొక్కిన కాళ్ళు బకెట్లో కడుక్కోకుండా పచ్చిక ఎక్కినవాడి కాళ్ళు నరకబడును - ఇది మేస్త్రి చట్టం. సామాన్ల గది తలుపు మీద బొగ్గుతో రాశాడు కూడా. చదువు రానివాళ్ళ కోసం పక్కన రెండు పాదాలూ ఒక కత్తీ బొమ్మ గీశాడు. కత్తి బాగా కుదిరింది. పాదాలే వంకాయల్లా వచ్చాయి.

బావమరిది దారంతా తడిపి, పంపు దించి, బూట్లు బకెట్లో శుభ్రంగా కడుక్కుని, పచ్చిక అంచున గొంతుకూర్చుని ఒక పెళ్ళ తవ్వాడు. అంతలో, వాడు పని ఎలా చేశాడో చూడడానికి మేస్త్రి తడి కంకర మీద పటపటా అడుగులేసుకుంటూ వచ్చాడు.

"బావా, ఇలా రా. ఓ కుటుంబాన్ని చూపిస్తా."

పెళ్ళని రెండుగా విరిచాడు. లోపల నల్లటి గడ్డలు, శనగగింజలంతవి, దారానికి గుచ్చినట్టు ఒకదాని వెనక ఒకటి ఏడు.

"నిన్న నువ్వు తల కోసిన చోటు ఇదే. పైన తల పోయింది. కింద తల్లి తాపీగా ఏడుగుర్ని కంది. నువ్వు పీకినకొద్దీ కంటుంది. నీ నెత్తి మీద నాటుకున్నా బాగుండేది, ఈపాటికి జడేసుకునేవాడివి."

మేస్త్రి నెత్తి మీద వెంట్రుక లేదు. ఆ నెత్తి ఎర్రబడింది.

"నోరు ముయ్యి, తుంగా."

"నేను మూసినా సెక్రటరీగారు ముయ్యరుగా బావా. నిన్న పిలిచి అడిగారు, తాళాలు మొయ్యగలవా అని."

"ఏమన్నావు?"

బావమరిది అక్కడ ఆగితే పోయేది. కానీ నాలుక దురద ఉన్నవాడు ఎక్కడ ఆగుతాడు? లేచి నిలబడి, కుడిపాదం పక్కకి తిప్పి, లేని గుత్తిని నడుము మీద గలగలలాడిస్తూ రెండడుగులు బాతులా నడిచి చూపించాడు.

"మొయ్యగలను గానీ ఇలా నడవడం రాదండీ అన్నా."

మేస్త్రి నోట్లోంచి కేక వచ్చింది. గుచ్చుకత్తి పైకెత్తి, కంకర దారి మీంచి పచ్చిక మీదికి ఒక్క దూకు దూకాడు. ముందు వాడు, వెనక ఇతను. కుంటికాలుతో కూడా అలా పరిగెత్తొచ్చని మేస్త్రికే ఆ రోజు తెలిసింది. "ఆగరా! నీ పేగులు తీసి పైపుకి చుడతా! ఆగు!" బావమరిది సామాన్ల గదిలోకి దూరి తలుపేశాడు. మరుక్షణం కత్తి వచ్చి తలుపులో దిగింది, సరిగ్గా మేస్త్రి గీసిన వంకాయ పాదాల మధ్య. లోపల్నుంచి వాడు, "బావా, గురి బాగుంది, ఆ చేత్తో తుంగని కొట్టొచ్చుగా" అన్నాడు. మేస్త్రి తలుపుని పది నిమిషాలు ఎడంకాలితో తన్నాడు. చివరికి భార్య వచ్చి, "తలుపు నీ సొంతమా, క్లబ్బుదా?" అని అడిగితే ఆగాడు.

ఇంట్లో ఇలాంటివి మామూలే. సాయంత్రానికి ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నారు. మేస్త్రి మాత్రం ఎడంచెయ్యి నడుము మీంచి తియ్యకుండా తిన్నాడు. తాళాలు మొయ్యగలవా అని అడిగారట.

పదో తారీకు పొద్దున మేస్త్రి పచ్చిక మీద కాలు పెట్టబోయి, పెట్టకుండా ఆగిపోయాడు.

పసుపు మచ్చలు. కంకర దారి దగ్గర మొదలై, ఏటవాలుగా పచ్చిక మధ్య నుంచి సామాన్ల గది వైపు. ఒక్కోటి అరచేతి వెడల్పున, అంచులు కరిగిపోయి, ఆకారం లేకుండా. మోకాళ్ళేసి గడ్డిని లాగి చూశాడు. మొదలు మెత్తబడి ఉంది. తెగులు కాదు. నీళ్ళు తక్కువై కాదు. మందు. ఎర్రగుడ్డ మందు.

వెళ్ళి పంపు చూశాడు. ఎత్తి పట్టుకుంటే గొట్టం మూతి దగ్గర ఒక బొట్టు ఊరి, వేలాడి, టప్పున పడింది. ఇంకొకటి ఊరింది.

ఇంకేం కావాలి? మేస్త్రికి కళ్ళ ముందు సినిమా ఆడినట్టు కనపడింది. వాడు కారే పంపు వీపుకి తగిలించుకుని, దారి చుట్టూ వెళ్ళకుండా, కావాలనే పచ్చికకి అడ్డంగా నడిచాడు. బొట్లు బొట్లుగా విషం పోశాడు. పది రోజుల్లో పోటీ. తాళాలు వాడికి.

బావమరిది సామాన్ల గదిలో కోతమిషను బోర్లించి, బ్లేడుకి పట్టిన గడ్డీ గింజలూ గీకుతున్నాడు. ఒక చోట కలుపు గింజలు ఇంకో చోట పడకుండా ప్రతి కోతకీ మిషను కడగాలని వాడి నియమం. వెనక తలుపు మూసుకుంది. గడియ పడింది.

"లానుకి ఏం పోశావురా?"

"ఏం పొయ్యడమేంటి?"

మేస్త్రి చేతిలో పార ఉంది. ఇనుము ఊడదీసి, కర్ర ఒక్కటే పట్టుకున్నాడు. ఆ మాత్రం జాగ్రత్త ఆఖర్న మిగిలింది. మొదటి దెబ్బ వాడి భుజం మీద పడింది. రెండోది వీపు మీద. వాడు మిషను మీద పడ్డాడు, బ్లేడు తగిలి గడ్డం చీలింది.

"బావా! పిచ్చా! ఏం చేశానో చెప్పి కొట్టు!"

"చెప్పాలా? మచ్చలే చెప్తున్నాయి! పంపు కారుకుంటూ లాను మీద నడిచావు!"

"ఎక్కలేదు! పంపుతో నేను లాను ఎక్కలేదు! బకెట్లో కాళ్ళు కడుక్కుని..."

"కాళ్ళు కాదురా, పంపు కడుక్కున్నావా? నా అన్నం తిని నా నడుముకే కన్నమేస్తావా?"

వాడు ఊరికే కొట్టించుకునే రకం కాదు. చేతికందిన ఖాళీ బకెట్ తిప్పి కొట్టాడు. అంచు మేస్త్రి నుదుటికి తగిలింది. రక్తం కంట్లోకి కారింది. ఎర్రగా కనపడుతున్న ప్రపంచంలో మేస్త్రి కర్ర రెండు చేతుల్తో ఎత్తాడు. వాడు మొహానికి కుడిచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మోచేతికి కాస్త కింద, ఎండు పుల్ల విరిగినట్టు పటుక్కుమంది.

ఆ చప్పుడుకి ఇద్దరూ ఆగిపోయారు. వాడి చెయ్యి మధ్యలో ఇంకో మోచెయ్యి వచ్చినట్టు వంగి వేలాడింది. వాడు దాన్ని వింతగా చూశాడు, అది తనది కానట్టు. తర్వాత అరిచాడు. ఆ అరుపుకి క్లబ్బు కప్పు మీది పావురాలన్నీ లేచిపోయాయి.

తలుపు బద్దలుకొట్టినంత పని చేసి అక్క వచ్చింది. తమ్ముణ్ణి చూసింది, మొగుణ్ణి చూసింది, కర్రని చూసింది. ఏడవలేదు. గోడకి వేలాడుతున్న పైపు ముక్క, ఇత్తడి మూతిది, అందుకుని మేస్త్రి మోకాలి మీద ఒక్కటిచ్చింది. అతను కూలబడ్డాడు. మెడ మీద ఇంకొకటి.

"చంపుతావా నా తమ్ముణ్ణి? గడ్డి కోసం? పశువులైనా గడ్డి తింటాయి గాని, గడ్డి కోసం మనుషుల్ని తినవురా!"

పెళ్ళయ్యాక ఆవిడ అతన్ని 'రా' అన్నది ఆ ఒక్కసారే.

ఆస్పత్రిలో ఎలా దెబ్బ తగిలిందని అడిగితే నిచ్చెన మీంచి పడ్డాడని ఆవిడే చెప్పింది. మొగుడు జైలుకెళ్తే తను చెయ్యాలనుకున్నవి చెయ్యడానికి దొరకడని కాబోలు. ఎముక రెండుచోట్ల విరిగింది. లోపల ఇనుప పలక పెట్టి మేకులు బిగించారు. ఆవిడ అక్కడే తమ్ముడి మంచం పక్కన ఉండిపోయింది. ఇంటికి కబురు లేదు.

మేస్త్రి సెక్రటరీ దగ్గరికెళ్ళి సంగతి చెప్పాడు. చెయ్యి సంగతి కాదు, మచ్చల సంగతి.

"కడుపుమంటతో మందు పోశాడండి. మా వాడే. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది."

సెక్రటరీ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "పదిహేడో తారీకున వచ్చి చూస్తాను. నువ్వు చెప్పింది నిజమైతే అతనికి ఈ గేటు మూసేస్తాం. క్లబ్బు ఆస్తి పాడుచేసినందుకు కేసు కూడా పెడతాం."

తాళాలు గలగలలాడాయి. గెలిచిన చప్పుడే అది. కానీ రెండు గదుల ఇంట్లో వంటింటి పొయ్యి వెలగలేదు. మేస్త్రి వారం రోజులు రొట్టె నీళ్ళలో ముంచుకు తిన్నాడు. మోకాలు వాచింది, నుదుటి గాయం చీము పట్టింది. తుంగని మాత్రం వదల్లేదు. రోజుకి రెండు సంచులు. తల కొయ్యడం, విసరడం. మధ్యలో ఒకసారి ఎందుకో ఒక పెళ్ళ తవ్వి విరిచి చూశాడు. లోపల తొమ్మిది. గబగబా మట్టి కప్పేసి, ఎవరన్నా చూశారా అని అటూ ఇటూ చూశాడు.

పదిహేడో తారీకు తెల్లవారింది. మంచు విడిచాక, ఎండ ఏటవాలుగా పచ్చిక మీద పడ్డాక, మేస్త్రి ఇంటి మెట్టు మీద నిలబడి చూశాడు.

మచ్చలు ఎండి గోధుమరంగుకి తిరిగాయి. అంచులు తేరుకున్నాయి. చచ్చిన గడ్డి చచ్చింది, బతికింది పచ్చగా పక్కన నిలబడింది. ఇప్పుడు వాటికి ఆకారం వచ్చింది.

అవి బొట్లు కావు. అడుగులు.

మడమ, పాదం నడుము, బూటు ముక్కు. పెద్ద పెద్ద అంగలు, పరిగెత్తినవి. కంకర దారి దగ్గర చిక్కగా మొదలై, పోనుపోను పల్చబడి, సామాన్ల గది వైపు. ఎడంపాదం ఎటు పోవాలో అటే చూస్తోంది. కుడిపాదం పక్కకి తిరిగి ఉంది. ప్రతి కుడిపాదమూ. ఒక్కటి కూడా తప్పకుండా.

ముందు పరిగెత్తినవాడి అడుగు ఒక్కటీ లేదు. వాడు బకెట్లో కాళ్ళు కడుక్కున్నాడు.

మేస్త్రి తన కుడి బూటు వంక చూసుకున్నాడు. చెవుల్లో పటుక్కుమన్న చప్పుడు మళ్ళీ వినిపించింది. తర్వాత, మనిషి కదా, బుర్ర పనిచెయ్యడం మొదలెట్టింది. సెక్రటరీ పది గంటలకి వస్తాడు. ఇప్పుడు ఏడు. పార తీసుకున్నాడు. ఇనుము మళ్ళీ ఆ కర్రకే బిగించాడు. కర్ర మీద ఎండిన రక్తం గరుగ్గా చేతికి తగిలింది. మొదటి అడుగు చుట్టూ నలుచదరంగా కోసి, పెళ్ళ ఎత్తి సంచిలో వేశాడు. రెండోది. మూడోది. అడుగు పోయి గుంట మిగులుతుంది. గుంటకి కాళ్ళుండవు. గుంట ఎవరిదో ఎవరు చెప్తారు? పందికొక్కు అని చెప్పొచ్చు.

అయిదో పెళ్ళ ఎత్తుతుంటే నీడ పడింది.

"పూడ్చిపెడుతున్నావా?"

భార్య. చేతిలో ఆస్పత్రి సంచి. వెనక బావమరిది. కుడిచేతికి మోచెయ్యి దాటి పిండికట్టు, మెడకి వేలాడేసి ఉంది. గడ్డం మీద కుట్లు. బుగ్గలు పీక్కుపోయాయి.

మేస్త్రి పెళ్ళని సంచి వెనక్కి నెట్టాడు.

ఆవిడ నడుచుకుంటూ వచ్చి ఆరో అడుగు దగ్గర ఆగింది. వంగి చూసింది. ఏడోది చూసింది. చాలాసేపు చూసింది. ఇరవై రెండేళ్ళుగా ఆ పాదాలకి వాపొస్తే కాపడం పెట్టింది ఆవిడే.

"పెట్టు" అంది.

"ఏంటి?"

"కాలు. అందులో పెట్టు."

"ఒసేయ్, వాడి ముందు..."

"పెడతావా, పార నేను తీసుకోనా?"

మేస్త్రి కుడికాలు పెట్టాడు. పెట్టెలో మూతలా సరిపోయింది. ఎడంకాలు ముందుకేశాడు. అదీ సరిపోయింది. "నడు" అంది ఆవిడ. ఒక్కొక్క అడుగులో ఒక్కొక్క అడుగు వేసుకుంటూ, అంగలు పెద్దవి గనక గంతులేస్తూ, వాచిన మోకాలు ప్రాణం తీస్తుంటే, బట్టతల మీంచి చెమట కారుతుంటే, నడుము మీద తాళాలు గలగలమంటుంటే, మేస్త్రి తన పరుగుని తనే మళ్ళీ పరిగెత్తాడు. బావమరిదికి నవ్వొచ్చింది. పక్కటెముకలు పట్టుకుని, "అమ్మా, నొప్పి, ఆపించవే అక్కా" అంటూ నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ నీళ్ళు నవ్వువి కావని మేస్త్రికి తెలిసింది.

ఆఖరి అడుగు దగ్గర సెక్రటరీ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. పది గంటలకి రావల్సినవాడు ఎనిమిదింటికే వచ్చాడు. పెద్దమనుషులు ఎప్పుడూ ఇంతే.

"ఏమిటిది? ఈ అడుగులు ఎవరివి?"

బావమరిది నేల చూశాడు. భార్య మొగుడి మొహం చూసింది. అబద్ధానికి ఇంకా జాగా ఉంది. వాడు నా బూట్లు తొడుక్కున్నాడండీ అనొచ్చు. ఆ మాట మేస్త్రి నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అప్పుడు పిండికట్టు చివర బయటికి వేలాడుతున్న వాడి వేళ్ళు కనపడ్డాయి. నీలం తిరిగి, ఉబ్బి, తుంగ గడ్డల్లా నల్లటి గోళ్ళతో. ముక్కు తుడుచుకోడం నేర్పింది ఆ వేళ్ళకే.

"నావేనండి. మందు తొక్కిన కాళ్ళతో నేనే ఎక్కాను. వాణ్ణి చంపడానికి పరిగెత్తాను. ఆ చెయ్యి కూడా నేనే విరిచాను. నిచ్చెన కాదు."

నడుము నుంచి గుత్తి విప్పాడు. చాలా ఏళ్ళు కట్టి ఉన్నది గనక ముడి రాలేదు. పళ్ళతో లాగాల్సొచ్చింది. సెక్రటరీ కళ్ళద్దాలు తుడుచుకోడం మర్చిపోయి గుత్తి అందుకున్నాడు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, దాన్ని బావమరిది ఎడంచేతిలో పెట్టాడు.

"ఇరవయ్యో తారీకుకి ఇది అవుతుందా?"

"అవుతుందండి" అన్నాడు బావమరిది. "గది వెనక నా దుప్పటి ఉంది. మంచమంత. అడుగుకో ముక్క కోసి అతికిస్తే సరిపోతుంది. పైన గీకి, రోలరు తోలిస్తే బంతికి తెలీదు. చేతులే లేవు. ఒక్కటే ఉంది."

"రెండు చేతులున్న మనిషిని చూసుకో. ఈయన మాత్రం..." సెక్రటరీ ఆగాడు.

"ఈయనే కావాలండి."

సెక్రటరీ భుజాలు ఎగరేసి, ఇంటి గొడవల్లో తలదూర్చిన పెద్దమనిషి ఎవడూ బాగుపడలేదని గుర్తుచేసుకుని, వెళ్ళిపోయాడు.

బావమరిది గుత్తిని జేబులో వేసుకున్నాడు. మేస్త్రి దగ్గరికొచ్చాడు. ఎడంచేత్తో, పిడికిలి బిగించి, ఉన్న బలమంతా పెట్టి, అతని ముక్కు మీద ఒక్క గుద్దు గుద్దాడు. ఏదో నలిగిన చప్పుడైంది. మేస్త్రి వెనక్కి పడ్డాడు. లేవలేదు. నోట్లోకి కారుతున్న రక్తాన్ని మింగుతూ, ఆకాశంలోకి చూస్తూ పడుకున్నాడు.

"ఇది చేతికి" అన్నాడు బావమరిది. "గడ్డానికి ఇంకా బాకీ ఉంది."

"ఇప్పుడే కొట్టెయ్యరా, పోతుంది."

"లేదు. ఎప్పుడు పడుతుందో తెలీకుండా ఉండాలి నీకు."

భార్య అడ్డం రాలేదు. సంచిలోంచి ఆస్పత్రి దూది తీసి, ఒక ముక్క తుంచి, మొగుడి గుండెల మీద పడేసింది. "పొయ్యి వెలిగిస్తా. మధ్యాహ్నం దాకా ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చంపుకోకుండా ఉంటే రెండు కంచాలు పెడతా" అని ఇంట్లోకి వెళ్ళింది.

మేస్త్రి దూది ముక్కులో కుక్కుకుని లేచాడు. దుప్పటి ముక్కలు కొయ్యడానికి కంకర దారి దగ్గర వదిలేసిన పార అందుకుని, ఆ దారి మీంచి దగ్గరదారని పచ్చిక మీదికి అడుగెయ్యబోయాడు.

"ఆగు" అన్నాడు బావమరిది.

ఆగాడు.

"మొన్న ఆ దారికి మళ్ళీ మందు కొట్టించావంట, వాచ్‌మన్ చెప్పాడు. చట్టం మర్చిపోయావా? తలుపు మీద బొమ్మ కూడా ఉందిగా."

మేస్త్రి దారి చివరికి నడిచాడు. బకెట్లో ఎడంకాలు పెట్టి కడుక్కున్నాడు. కుడికాలు వంకర గనక బకెట్లో సరిగ్గా పట్టదు, ఎప్పుడూ పట్టలేదు. చట్టం చేసినవాడే గనక ఎవరూ అడగలేదు. మడమ తిప్పి, వంగి, చేత్తో రుద్ది, బూటు అడుగు గాట్లలో కూడా కడిగాడు. ముక్కులోంచి బొట్లు నీళ్ళలో పడి ఎర్రగా విచ్చుకున్నాయి.

"ఇంకోసారి" అన్నాడు బావమరిది, గుత్తి గలగలలాడిస్తూ.

మేస్త్రి ఇంకోసారి కడుక్కున్నాడు.